అత్తగారి తలగుడ్డ

సాబిరా కారు దిగగానే ముందు చూసింది తల్లి ముఖం కాదు, తల్లి తల. వాకిట్లో ఆపిల్ చెట్టు నీడన చాప మీద కూర్చుంది ముసలామె. నెత్తిన గుడ్డ లేదు. పలచబడ్డ తెల్లజుట్టు సన్నసన్నటి జడలుగా అల్లి భుజాల మీద వేసి ఉంది, పూర్వం పెళ్ళికాని పిల్లలకు అల్లినట్టు. ఒళ్ళో గిన్నెలోని చిక్కుడు గింజలు ఒక్కొక్కటే ఏరి మళ్ళీ అదే గిన్నెలో వేస్తోంది.

"ఏమే జూరా, ఇదేం వేషం మా అమ్మకి?"

జూరా వంటింట్లోంచి పిండి చేతులతోనే వచ్చి ఆడబిడ్డకు వంగి దణ్ణం పెట్టింది. మా ఇస్సిక్-కూల్ సరస్సు ఒడ్డున కోడలన్నది ఎన్నేళ్ళయినా కోడలే. మోకాళ్ళ నొప్పులున్నా సరే, వంగాల్సిందే.

"తలగుడ్డ కట్టబోతే భయపడుతోంది వదినా. జడలు ఇలా వెయ్యకపోతే ఏడుస్తోంది."

"తలగుడ్డంటే భయమేంటే? నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ తెల్లగుడ్డ లేకుండా మా అమ్మని చూళ్ళేదు. కట్టే ఓపిక నీకు లేదని చెప్పు."

జూరా చేతుల పిండి దులుపుకుంది. మాట్లాడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రాజధాని బిష్కెక్ బజారులో బట్టల కొట్టు నడిపే సాబిరాకు గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. కానీ ఏడాదికి రెండుసార్లు వచ్చే మనిషికి ప్రతిదీ అప్పుడే చెడినట్టు కనబడుతుంది. ఒడ్డున కూర్చున్నవాళ్ళు ఈతగాళ్ళకు ఎన్నైనా చెబుతారు.

"అమ్మా, నేనే, సాబిరాని," అంటూ ఆమె తల్లి ముందు చతికిలబడింది.

ముసలామె ఆమెను మర్యాదగా చూసింది. "కూర్చోమ్మా. ఎవరింటికొచ్చావు? మా అమ్మ పాలు పితకడానికెళ్ళింది, వచ్చేస్తుంది."

సాబిరా మొహం మాడిపోయింది. కూతుర్ని గుర్తు పట్టని తల్లి ఎదట ఏడవాలో, కోపం తెచ్చుకోవాలో తెలియని మనిషి చివరికి కోపమే తెచ్చుకుంటుంది. అదైతే ఇంకొకరి మీదికి నెట్టెయ్యొచ్చు.

"మాట్లాడించేవాళ్ళు లేక ఇలా అయిపోయింది. మనిషిని మూల కూర్చోబెట్టి, బయటికి పోకుండా గేటుకి గడియ పెట్టుకుని, ఏం కాపురాలమ్మా ఇవి. ఊళ్ళో అంటూనే ఉన్నారు, జూరా అత్తగారిని బంధించిందని. నేను నమ్మలేదు."

"అత్తయ్యా, లోపలికి పదండి, చలిగాలి మొదలైంది," అంది జూరా ఆ మాట విననట్టే.

"నేనెవరికీ అత్తని కాదు," అంది ముసలామె చిరాగ్గా. "నాకింకా పెళ్ళే కాలేదు. ఈవిడ రోజూ ఇదే గోల."

జూరాకు నవ్వొచ్చింది. వేలు చాచింది. ముసలామె ఆ వేలు పట్టుకుని లేచింది. పిలిస్తే రాదు, వేలిస్తే వస్తుంది. ఇది కనిపెట్టడానికి జూరాకు ఒక చలికాలం పట్టింది.

శనివారం విందు. ఎనభై ఏళ్ళు నిండిన తల్లికి ఊరూ బంధువులూ చూస్తుండగా విందు చెయ్యాలని సాబిరా పట్టుబట్టింది. తమ్ముడు ఎసెన్, జూరా మొగుడు, సరేనన్నాడు. ఎసెన్ దేనికైనా సరేనంటాడు. అక్కకీ పెళ్ళానికీ మధ్య కూర్చుని టీ తాగడం తప్ప అతనికి ఇంకో విద్య రాదని ఊళ్ళో ఎగతాళి చేస్తారు.

శుక్రవారం పొద్దున్నించీ పొరుగు ఆడవాళ్ళు వాకిట్లో పొయ్యిలు పెట్టి బోర్సోక్‌లు వేయిస్తున్నారు. జూరా పిండి కలిపి, పలచగా వత్తి, కత్తితో చదరాలుగా కోసి మూకుట్లో జారవిడుస్తోంది. అవి బుసబుసా పొంగి పైకి తేలగానే జల్లిగరిటెతో తీసి గుడ్డ మీద గుమ్మరిస్తోంది. చేతులు ఇక్కడ, చెవులు లోపలి గదిలో. అత్తగారు దగ్గితే గరిటె ఆగుతుంది. తలుపు కిర్రుమంటే తల తిరుగుతుంది. ఇంతకాలంగా ఆమె నిద్ర కూడా ఇలాగే, ఒక చెవి తెరిచిపెట్టుకునే. ముసలామె అర్ధరాత్రి లేచి చెప్పులు చంకన పెట్టుకుని బయల్దేరుతుంది కనక జూరా ఆ గది గడపకు అడ్డంగా పరుపు వేసుకుని పడుకుంటుంది.

గేటు దగ్గర సుత్తి చప్పుడు వినబడింది. సాబిరా ఇనప గడియ ఊడగొట్టిస్తోంది.

"వదినా, అది వద్దు."

"విందుకొచ్చేవాళ్ళు గడియ పెట్టిన గేటు ముందు నిలబడాలా? సిగ్గుచేటు కాదూ? మా నాన్న బతికుండగా ఈ గేటుకి గడియ ఎరుగం."

"అత్తయ్య వెళ్ళిపోతుంది."

"ఎక్కడికెళ్తుంది, తనింట్లోంచి?"

జూరా గరిటె పక్కన పెట్టింది. పొరుగువాళ్ళు వినకుండా ఆడబిడ్డను కట్టెలపాక పక్కకు తీసుకెళ్ళింది. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని చాలా రోజులుగా చూస్తోంది. మొగుడికి చెప్పలేకపోయింది. అతను గోడ మీది తండ్రి బొమ్మకు రోజూ దుమ్ము తుడిచే మనిషి.

"కరాకోల్ పట్నంలో డాక్టరమ్మకి చూపించాం వదినా. ఇది వయసు కాదట, మెదడు జబ్బట. అల్జీమర్స్ అంటారట. మనిషి వెనక్కి పోతుంటుంది. ఇప్పుడావిడ పదిహేడేళ్ళ పిల్ల. ఆవిడున్న చోటికి మీరే వెళ్ళండి, మీరున్న చోటికి ఆవిణ్ణి లాగొద్దు, అంది డాక్టరమ్మ."

"మరి నాకెందుకు చెప్పలేదు ఎసెన్?"

"ఆయనే ఎవరికీ చెప్పొద్దన్నారు. పిచ్చివాళ్ళ వంశం అంటారని, మా అమ్మాయికి సంబంధాలు రావని." జూరా పొయ్యిల వైపు ఒకసారి చూసింది. "ఇంకో సంగతుంది. ఆ వయసులోనే ఆవిణ్ణి... వదినా, మామయ్యగారు ఆవిణ్ణి అడిగి చేసుకోలేదు. గుర్రాల మీదొచ్చి ఎత్తుకొచ్చారు. చేతులు పట్టుకుని బలవంతంగా నెత్తిన తెల్లగుడ్డ కట్టారు, అది కడితే పెళ్ళయిపోయినట్టే. రాత్రిళ్ళు అదంతా మళ్ళీ జరుగుతోంది ఆవిడకి. నా చెయ్యి పట్టుకుని, తలుపెయ్యి, వాళ్ళొస్తున్నారు అంటుంది. తెల్లగుడ్డ చూస్తే వణికిపోతుంది. అందుకే కట్టట్లేదు."

సాబిరా ముఖంలో రంగులు మారాయి.

"నోర్ముయ్. పొలంలో కోతలప్పుడు ఒకరినొకరు చూసుకుని ఇష్టపడి చేసుకున్నారు మా అమ్మా నాన్నా. మా నాన్న వందసార్లు చెప్పాడు ఆ కథ."

"ఆయన చెప్పారు. ఆవిడ చెప్పిందా ఎప్పుడైనా?"

"చచ్చిపోయినాయన మీద నింద వెయ్యడానికి నోరెలా వచ్చిందే నీకు?"

"మీ తమ్ముడు నన్ను ఎత్తుకొస్తానని కుర్రాళ్ళని పోగేస్తే ఆవిడే అడ్డుపడింది. ఆడపిల్లని ఏడిపించి తెస్తే ఈ గడప తొక్కనివ్వనంది. తనే బస్సెక్కి మా ఇంటికొచ్చి అడిగింది. ఎందుకడిగిందో నాకప్పుడు తెలీదు."

"రేపు విందయ్యాక నీ సంగతి తేలుస్తాను," అంది సాబిరా. "అమ్మని నాతో తీసుకుపోతాను. నువ్వు మీ పుట్టింటికి పోయి చెప్పుకో ఈ కథలు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. కానీ ఆ సాయంత్రం సాబిరా తండ్రి బొమ్మ ముందు కొంచెం ఎక్కువసేపే నిలబడింది. అది జూరా చూసింది. చూసినా ఏం లాభం? బిష్కెక్‌లో నాలుగో అంతస్తు ఇంట్లో ఆ ముసలి పిల్ల ఏ కిటికీలోంచి పారిపోవాలని చూస్తుందో తలచుకుంటేనే జూరాకు భయమేసింది. ఒకప్పుడు ఈవిణ్ణి ఎవరైనా తీసుకుపోతే బాగుండునని ఏడ్చిన మనిషే ఆమె. మీరు నిద్రపోతున్నారా అని డాక్టరమ్మ అడిగినప్పుడు, ఆ మాట అప్పటిదాకా ఎవరూ అడగలేదు కాబట్టి, అక్కడే బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. కానీ ఇప్పుడు మనసు ఒప్పుకోవడం లేదు.

శనివారం మధ్యాహ్నానికే వాకిలి నిండిపోయింది. తోటలో గుర్రాలు కట్టేశారు, వీధి పొడవునా కార్లు. గొర్రె మాంసం రెండు పెద్ద కాగుల్లో ఉడుకుతోంది. మగవాళ్ళు వయసు, వరస ప్రకారం ఏ ఎముక ముక్క ఎవరికి వడ్డించాలో వాదించుకుంటున్నారు. జూరా టీ కెటిల్ పట్టుకుని గిన్నెల్లో సగం సగం పోస్తూ, వంగుతూ, లేస్తూ తిరుగుతోంది. పెద్దల గిన్నె నింపేస్తే ఇంక లేచి పొమ్మన్నట్టు కనక ప్రతి ఒక్కరికీ పదిసార్లు పొయ్యాలి.

కిటికీలోంచి ఆమెకు కనబడింది. లోపలి గదిలో సాబిరా, ఇద్దరు పినతల్లులూ ముసలామె చుట్టూ ఉన్నారు. సాబిరా చేతిలో కొత్త తెల్లగుడ్డ ఉంది, పట్టుది.

జూరా కెటిల్ నేల మీద పెట్టేసి పరిగెత్తింది. గుమ్మం దగ్గర ఎసెన్ మేనమామ అడ్డు నిలబడి, "ఏంటమ్మాయ్, టీ ఆపేశావ్, పెద్దవాళ్ళు కూర్చున్నారు," అన్నాడు. జూరా ఆయన్ను తోసుకుని పోలేకపోయింది. ఇన్నేళ్ళుగా వంగిన నడుం అడ్డొచ్చింది. లోపల పినతల్లి నవ్వుతూ, "చిన్నపిల్లలా పెనుగులాడతావేంటే, చేతులు పట్టుకోండే," అంటోంది. ముసలామె ఒక్క కేక పెట్టింది. తరవాత ఏ చప్పుడూ లేదు.

జూరా లోపలికి వెళ్ళేసరికి అత్తగారు గోడకు ఆనుకుని కూర్చుంది. నెత్తిన తెల్లగుడ్డ నీటుగా ఉంది. కళ్ళు నేలకు దించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కొత్త పెళ్ళికూతురిలా ఉంది.

"చూశావా, కడితే కట్టించుకుంది," అంది సాబిరా. ఆమె ముంజేతి మీద పంటిగాట్లున్నాయి. చెయ్యి వెనక్కి దాచుకుంది.

"ఆవిణ్ణి నా దగ్గరుంచండి వదినా, ఒక్క గంట."

"నువ్వు పోయి టీ చూడు."

కాగుల మూతలు తీసి మాంసం పళ్ళేల్లోకి ఎత్తుతుండగా ఎవరో అడిగారు, విందు ఎవరికో ఆవిడేదీ అని. గౌరవస్థానంలో పరిచిన పరుపు ఖాళీగా ఉంది. గదిలో లేదు. పెరట్లో లేదు. గేటు బార్లా తెరిచి ఉంది.

ఊరంటే ఊరే. వంట వదిలేసి లేచింది. కుర్రాళ్ళు గుర్రాలెక్కారు. కార్ల హారన్లు మోగాయి. సరస్సు వైపు ముళ్ళపొదలు చాలా దూరం వ్యాపించి ఉంటాయి. చిన్న చిన్న నారింజరంగు పళ్ళు కాసే పొదలు. వాటి అవతల నీళ్ళు. తోటలో ఆపిల్స్ ఏరుతున్న ఒక మనిషి, ముసలామె అటు పరిగెత్తడం చూశానన్నాడు. పరిగెత్తడమే, నడవడం కాదన్నాడు.

పొద్దు వాలుతోంది. గుర్రాలు పొదల చుట్టూ తిరుగుతున్నాయి. మగవాళ్ళు ఈలలు వేస్తున్నారు, "అవ్వా" అని అరుస్తున్నారు. సాబిరా చెప్పులు ఎక్కడో పోగొట్టుకుని "అమ్మా, అమ్మా" అంటూ అటూ ఇటూ పరిగెడుతోంది. ఒకసారి పొదల్లో కదలిక కనబడింది. కుర్రాళ్ళు "అదిగో" అని గుర్రాలు తోలారు. కదలిక నీళ్ళ వైపు ఇంకా దూరం పోయింది.

ఇంతమంది ఇలా తిరగడం ఆ పొదల్లోంచి చూసే పిల్లకు ఎలా కనబడుతుందో జూరాకు ఒక్కసారిగా అర్థమైంది. గుర్రాలు, మగవాళ్ళు, ఈలలు, సాయంత్రం. అచ్చం ఆ రోజే.

మొగుడి గుర్రం కళ్ళెం పట్టుకుని ఆపింది. ఊరందరి ముందూ.

"వీళ్ళని ఆపండి."

"వదులు, చీకటి పడుతోంది."

"మీరు తరిమే కొద్దీ ఆవిడ నీళ్ళలోకి పోతుంది. అర్థం కావట్లేదా మీకు? వాళ్ళొచ్చారనుకుంటోంది ఆవిడ. ఎత్తుకుపోవడానికి."

ఎసెన్ ఆమెను చూశాడు. ఎవరు, ఎప్పుడు అని అడగలేదు. బహుశా రాత్రిళ్ళు తల్లి గదిలోంచి వచ్చే మాటలు అతనూ విన్నాడేమో, విననట్టు గోడ వైపు తిరిగి పడుకున్నాడేమో. గుర్రం దిగాడు. దిగి, జీవితంలో మొదటిసారి గొంతెత్తి అందర్నీ దిగమన్నాడు. గుర్రాలను రోడ్డవతలికి తోలించాడు. మేనమామ గొణిగాడు. ఎసెన్ ఆయన చేతిలోంచి కూడా కళ్ళెం లాక్కున్నాడు.

చప్పుడు ఆగింది. అలలు వినబడ్డాయి.

జూరా పొదల్లోకి దిగింది. ముళ్ళు గౌను పట్టుకున్నాయి, చేతులు గీరుకున్నాయి. కొంత దూరం పోయి ఆగింది. వేలు చాచడానికి మనిషి కనబడాలి కదా. అత్తయ్యా అంటే పలకదు. అమ్మా అంటే పలకదు. ఏ మాటకు పలుకుతుందో జూరాకు తెలుసు, అది తన నోట రాకూడని మాట. మాలో కోడలు అత్తింటి పెద్దల పేరెత్తదు. ఆ పేరును పోలిన మాట కూడా అనదు. అత్తగారి పేరులో మా భాషలో ఆపిల్ అనే మాట ఉంది కాబట్టి, తన తోటలో కాసే పండును జూరా ఇన్నేళ్ళూ 'ఎర్రపండు' అంటూ వచ్చింది. సంతలో కొనేవాళ్ళు నవ్వేవారు. రోడ్డు మీద అత్తింటివాళ్ళందరూ చెవులు రిక్కించుకుని ఉన్నారు.

"ఆల్మకాన్," అంది.

అది ఆమెకే సరిగ్గా వినబడలేదు. మళ్ళీ పిలిచింది, ఈసారి గట్టిగా, స్నేహితురాల్ని పిలిచినట్టు. "ఆల్మకాన్, ఎక్కడున్నావే?"

రోడ్డు మీద ఎవరో ఆడమనిషి నోరు నొక్కుకున్న చప్పుడయింది. జూరాకు అదేమీ పట్టలేదు.

"ఒసే ఆల్మకాన్, నేనే. ఒక్కదాన్నే వచ్చాను."

పొదల్లోంచి, అనుకున్నదానికంటే చాలా దగ్గర్నించి, సన్నటి గొంతు వచ్చింది. "గుర్రాలు పోయాయా?"

"పోయాయి."

"ఒట్టు?"

"ఒట్టు. రా, చలేస్తోంది."

ముళ్ళకొమ్మలు కదిలాయి. ముసలామె మోకాళ్ళ మీద పాకుతూ వచ్చింది. మోకాళ్ళ దాకా తడి, ముఖం మీద గీతలు. నెత్తిన గుడ్డ లేదు. జూరా చెయ్యి దొరగ్గానే రెండు చేతుల్తో పట్టేసుకుంది.

"మా అమ్మ దగ్గరికి తీసుకెళ్ళవే."

ఆ అమ్మ చనిపోయి ఎన్నేళ్ళో. జూరా కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు దారి బాగుండదు. మా ఇంట్లో పడుకో. మా ఇంట్లో అందరూ మంచివాళ్ళే."

ఎక్కణ్ణుంచి పారిపోయిందో ఆ ఇంటికే మళ్ళీ తీసుకుపోవాలి. ఆ పాపం తనదేనని జూరాకు అనిపించింది, కానీ వేరే ఇల్లు లేదు. రోడ్డు మీదుగా కాకుండా తోట వెనకనించి నడిపించుకెళ్ళింది. ఎసెన్ దూరంగా, తల్లికి కనబడకుండా, చెట్ల చాటున వెంట వచ్చాడు.

వెనక గదిలో జూరా ఆమె తడిబట్టలు మార్చింది, కాళ్ళు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టింది, ముళ్ళు ఒక్కొక్కటే సూదితో తీసింది. సాబిరా గుమ్మంలో నిలబడింది. లోపలికి రావడానికి ధైర్యం చాలడం లేదు. ఏడ్చి ఏడ్చి ముఖం వాచింది, జుట్టు ముడి ఊడిపోయింది, కాళ్ళకు చెప్పులు లేవు.

"నేను రావొచ్చా?" అని అడిగింది. జూరాను అడిగింది.

"రండి. అమ్మా అనొద్దు, భయపడుతుంది. ఊరికే కూర్చోండి."

సాబిరా మంచం పక్కన నేల మీద కూర్చుంది. కిటికీ అవతల మేనమామ గొంతు వినబడింది. "పిల్లా, జనం వెళ్ళకుండా కూర్చున్నారు. మాంసం చల్లారిపోతోంది. ముసలమ్మని ఒక్కసారి తీసుకొచ్చి చూపించండి. ఏం చెప్పను వాళ్ళకి?"

జూరా సూది పట్టుకున్న చెయ్యి ఆగింది.

"మా అమ్మకి జబ్బు చేసిందని చెప్పు," అంది సాబిరా, కిటికీ వైపు తిరగకుండానే. "మెదడు జబ్బు. రాదు. తినేసి వెళ్ళమను."

"ఆ మాట నలుగురిలోనా?"

"నలుగురిలోనే చెప్పు మావయ్యా."

మగగొంతు వినగానే ముసలామె బిగుసుకుపోయింది. మంచం మీంచి వంగి సాబిరా నోటి మీద చెయ్యి పెట్టింది. "గట్టిగా మాట్లాడకు, వింటారు." అప్పుడు దగ్గరగా చూసింది, ఆ వాచిన ముఖాన్ని, రేగిన జుట్టును, ఉత్త కాళ్ళను. ముంజేతి మీద గాట్లు చూసింది. మెల్లగా తడిమింది.

"నిన్ను కూడా ఎత్తుకొచ్చారా?"

సాబిరా మళ్ళీ ఏడ్చింది.

"ఏడవకు. ఏడిస్తే వాళ్ళకు సంతోషం. నాకు దారి తెలుసు. తెల్లారగానే లేచి, కాలవ పట్టుకుని పోదాం. ఇంకెప్పుడూ ఇటు రావద్దు. వస్తావా నాతో?"

ఆ రోజు ఆ దారి దొరికి ఉంటే, ఆ పిల్ల కాలవ పట్టుకుని తన ఇంటికి తను పోయి ఉంటే, సాబిరా అనే మనిషి ఈ భూమ్మీద పుట్టి ఉండేది కాదు. అది సాబిరాకు తెలుసు. తల్లి చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"వస్తాను ఆల్మకాన్," అంది. "నన్ను కూడా లేపు."